గైడ్ కాలి కింద నీళ్లు: ఉప్పునీటి రాడ్లకు పూత వేయడం గురించి

(చెన్నైలో గాలం వేట సరదా ఉన్న తెలుగువాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు, రాడ్లు కట్టే ఒక సభ్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

మాట్లాడే ముందు ఈ రెండు రాడ్లు పంపిస్తున్నాను, చేతులు మార్చుకుంటూ చూడండి. నల్ల దారం చుట్టింది ఒకటి, నీలం దారం చుట్టింది ఒకటి. రెండూ రిపేరుకి వచ్చినవే, నేను కట్టినవి కావు. నల్లదాని మీద పూత దట్టంగా ఉంది, పైనున్న ట్యూబ్‌లైటు అందులో కనిపిస్తుంది. నీలందాని మీద పూత వేశారా లేదా అని సందేహం వస్తుంది, దారం పోగులు వేలికి తగులుతూనే ఉంటాయి. షాపులో పక్కపక్కన పెడితే ఎవరైనా నల్లదానికే డబ్బులిస్తారు. గైడ్ అంటే గాలం తీగ దూరి వెళ్లే ఉంగరం, దాని లోహపు కాలుని రాడ్ మీద ఆనించి దారం చుట్టి కడతాం. ఇప్పుడు నల్లదాని మూడో గైడ్ దగ్గర, గైడ్ కాలు దారం కిందికి దూరే చోట చూడండి. పూత లోపల గోధుమ రంగు చార ఒకటి పాకి ఉంది. అది తుప్పు. పైన గీత కూడా పడలేదు, లోపల మాత్రం కాలు సగం తినేసింది. నీలందాని కొన కారు తలుపులో పడి విరిగింది, అందుకే నా దగ్గరికి వచ్చింది. గైడ్లకి ఏమీ కాలేదు.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే. ఉప్పునీళ్లలో వాడే రాడ్‌కి పూత అవసరమైన చోట్లు మూడు: గైడ్ కాలి కింద, దారం అంచున, రీల్ సీట్ చివర, అంటే రీల్ బిగించే చోట. మూడూ మన కంటికి సరిగా ఆననివే. అక్కడ నిండితే పైన సాదాగా ఉన్నా రాడ్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అక్కడ నిండకపోతే పైన ఎంత పోసినా దండగ.

మనలో కొందరు కోవళం, ముట్టుకాడు వైపు ఒడ్డున నిలబడి విసిరేవాళ్లు. కొందరు పండుగప్ప కోసం పులికాట్ దాకా వెళ్తారు. ఇంకొందరు కాసిమేడులో బోటు మాట్లాడుకుని వంజరానికి లోపలికి పోతారు. ఎక్కడికి వెళ్లినా సముద్రపు నీళ్లంటే లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. రాడ్ నీళ్లలో మునగక్కర్లేదు కూడా, ఒడ్డు గాలి చాలు. బెసంట్ నగర్‌లో సముద్రం వైపు బాల్కనీ ఉన్నవాళ్లని అడగండి, గ్రిల్‌కి ఎన్నాళ్లకోసారి రంగు వేయిస్తున్నారో.

ఉప్పుగాలికి ఇనుము ఎలా లొంగిపోతుందో పాంబన్ దగ్గర చూస్తాం. 1914లో తెరిచిన పాత రైలు వంతెనని నూరేళ్లకు పైగా తుప్పు గీకుతూ, రంగులు వేస్తూ నిలబెట్టుకొచ్చారు. 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త వంతెనకి పాలీసైలోక్సేన్ పూత వేశారు, కాంక్రీటులో స్టెయిన్‌లెస్ కడ్డీలు వాడారు. అంత డబ్బు పోసి వాళ్లు చేసిందీ మనం చేసేదీ ఒకటే, లోహానికీ ఉప్పునీళ్లకీ మధ్య అడ్డం పెట్టడం. కాకపోతే మన రాడ్ చేప పడ్డప్పుడల్లా విల్లయిపోతుంది. వంగే వస్తువుకి పూత వేయడంలోనే చిక్కంతా ఉంది. గట్టి పూత పగులుతుంది, మెత్తటి పూత అరిగిపోతుంది, మందం పూత రెండూ చేస్తుంది.

‘స్టెయిన్‌లెస్ గైడే కదా, తుప్పెందుకు పడుతుంది?’ అని నన్ను తరచూ అడుగుతుంటారు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలితే పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీసుకుపోయినా మళ్లీ ఏర్పడుతుంది. లోహాన్ని కాపాడేది ఆ పొరే. ఆక్సిజన్ అందని ఇరుకు సందులో ఉప్పునీళ్లు నిలిచాయనుకోండి, ఆ పొర మళ్లీ కట్టుకోదు, ఉప్పులోని క్లోరైడ్ ఉన్నదాన్ని కూడా తినేస్తుంది. దారం కింద గైడ్ కాలి పక్కన ఉండేది సరిగ్గా అలాంటి సందు. అందుకే బయట ఫ్రేము తళతళలాడుతూనే ఉంటుంది, లోపల కాలు కుళ్లిపోతుంది. 316 రకం స్టీల్‌లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది కాబట్టి మామూలు 304 రకం కన్నా బాగా ఓర్చుకుంటుంది. టైటానియం ఫ్రేములకి తుప్పు సమస్య లేదు. ధరతోనే సమస్య. (నవ్వులు)

గైడ్ కాలి మొనని పలచగా అరగదీస్తాం కదా, దారం మెట్టు లేకుండా బ్లాంక్ మీద నుంచి, అంటే రాడ్ అసలు కర్ర మీద నుంచి, కాలి మీదికి ఎక్కడానికి. అక్కడే సగం తుప్పుకి విత్తనం పడుతుంది. నిన్న గేటు గొళ్లెం రుద్దిన ఆకురాయితోనే ఇవాళ గైడ్ రుద్దుతారు. దాని పళ్లలో ఇరుక్కున్న మామూలు ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లో గుచ్చుకుంటుంది, మొదట తుప్పు పట్టేది అదే. గైడ్ల కోసం వేరే ఆకురాయి ఉంచుకోండి. లేదంటే సిలికాన్ కార్బైడ్ కాగితం వాడండి. రుద్దడం అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇక దాన్ని ఉత్త వేలితో ముట్టుకోకండి.

దారం సంగతి త్వరగా చెప్పేస్తాను. మనం వేసే పూత ఎపాక్సీ, రెసిన్, హార్డ్‌నర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడేది. నైలాన్ దారం మీద ఎపాక్సీ పడగానే రంగు ముదురుతుంది. లేత రంగులైతే దాదాపు పారదర్శకమైపోయి కింద గైడ్ కాలు కనిపిస్తుంది. అలా కాకూడదని కొందరు ముందుగా కలర్ ప్రిజర్వర్ పూస్తారు. అది పోగుల్లోకి ఇంకి ఆరిపోతుంది కాబట్టి తర్వాత వేసే ఎపాక్సీ లోపలికి దిగదు. రంగు నిలుస్తుంది, పట్టు తగ్గుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను, ఉప్పునీళ్ల రాడ్‌కి అది వాడొద్దు. దారంలోకి ఎపాక్సీ ఇంకి, బ్లాంక్‌ని తాకి, అక్కడ పట్టుకోవాలి. రంగు ముదురుతుందని ముందే తెలుసు కాబట్టి ఒక మెట్టు లేత రంగు ఎంచుకుని, పనికిరాని బ్లాంక్ ముక్క మీద చుట్టి చూసుకోండి. గోడకి తగిలించుకునే రాడ్ అయితే మీ ఇష్టం.

వెదురు రాడ్ల కాలంలో పట్టు దారం చుట్టి మీద వార్నిష్ వేసేవాళ్లు. పొర మీద పొర, ఒక్కోటి ఆరేదాకా కాచుకుని కూర్చోవడం. 1940లలో స్విట్జర్లాండ్‌లోని సిబా కంపెనీ అరల్డైట్ పేరుతో ఎపాక్సీని బజారుకి తెచ్చింది. ఆ పేరు తెలియని ఇల్లు మన దగ్గర లేదు. అందుకే ‘అన్నా, ఇంట్లో అరల్డైట్ ఉంది, అది పూసేయనా?’ అని ఫోన్లు వస్తుంటాయి. వద్దు. అది అతికించడానికి చేసిన సరుకు. చిక్కగా ఉంటుంది, బుడగల్ని వదలదు, బ్రష్‌కి సాగదు, ఎండకి పసుపెక్కుతుంది. రాడ్ల కోసం చేసే ఎపాక్సీ పలచగా, తనంతట తానే సమంగా పరుచుకునేలా ఉంటుంది, గట్టిపడ్డాక కూడా కొంచెం వంగుతుంది. అందులోనూ పలచ రకం, మందం రకం అని రెండు వస్తాయి. మొదటి పూతకి ఎప్పుడూ పలచదే.

ఇక అసలు సంగతికి వద్దాం, మన చెన్నై గాలి.

డబ్బా మీద 21 నుంచి 27 డిగ్రీల మధ్య వాడమని రాసి ఉంటుంది. మనకి ఏసీ లేకుండా ఆ వేడి దొరికేది డిసెంబరు, జనవరి రాత్రుళ్లే. ఆ రాత్రుళ్లు గాలంతా తేమ. హార్డ్‌నర్‌లో అమీన్లని ఉంటాయి. అవి రెసిన్‌తో కలవాలి. గాలిలో తేమ ఎక్కువుంటే పైపొరలో ఉన్న అమీన్లు తేమతోనూ, కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి కార్బమేట్ అనే ఉప్పుగా మారతాయి. పొద్దున లేచి చూస్తే పూత మీద జిడ్డు, మసక. దీన్నే బ్లష్ అంటారు. ఇది తెలియనివాళ్లు ఇంకా ఆరలేదనుకుని ఎండలో పెడతారు, లేదా మీదనే రెండో పూత లాగించేస్తారు. జిడ్డు మీద వేసిన పూత పట్టదు, కొన్నాళ్లకి పెచ్చులుగా లేస్తుంది. లేచిన పెచ్చు కిందికి నీళ్లు దూరతాయి. కార్బమేట్ నీళ్లలో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు కాస్త, మెత్తటి గుడ్డ, అంతే. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సన్నటి నీటి కాగితంతో తేలిగ్గా రుద్ది అప్పుడు రెండో పూత వేయండి. ఆల్కహాల్‌తో తుడిస్తే పోదు, అటూ ఇటూ పులుముకుంటుంది.

ఏసీ గది ఉంటే డ్రై మోడ్‌లో ముందు గంటసేపు నడపండి. రాడ్, రెసిన్, హార్డ్‌నర్, బ్రష్ అన్నీ ఆ గంటా అదే గదిలో ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేమీ కాదు. నా పద్ధతి ఏమిటంటే, 60 శాతం లోపు ఉంటే ధైర్యంగా కలుపుతాను. 75 దాటితే డబ్బా మూత తీయను, దారం చుట్టుకుంటూ కూర్చుంటాను. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఏసీ లేని గదిలో పూత పెట్టుకోకపోవడమే మంచిది. రాడ్ ఇచ్చినవాళ్లు పొంగల్‌కి కావాలి, పొంగల్‌కి కావాలి అంటారు. ఇంకో నెల ఆగమని చెప్పండి, ఆగుతారు.

ఇంకో జాగ్రత్త. ఏసీలో చల్లబడ్డ రాడ్‌ని తలుపు తీసి హాల్లోకి తెచ్చారంటే దాని మీద సన్నటి చెమ్మ దిగుతుంది. కంటికి కనిపించకపోవచ్చు, ఎపాక్సీకి మాత్రం తెలుస్తుంది. మొదలుపెట్టిన గదిలోనే పూర్తిచేయాలి.

ఫ్యాను కట్టేయాలి, దుమ్ము పడుతుంది. పక్క గదిలో అగరొత్తి, దోమల కాయిల్, వంటింట్లో తాలింపు పొగ, ఇవేవీ ఆ పూట ఉండకూడదు. ఇంట్లో దీనికి ఒప్పించడం రాడ్ కట్టడం కన్నా కష్టం, ఒప్పుకుంటాను. (నవ్వులు) నూనె పొర ఎక్కడుంటే అక్కడ ఎపాక్సీ నిలవకుండా గుండ్రంగా పక్కకి తప్పుకుంటుంది, కింద దారం బయటపడుతుంది. చేపకన్ను అంటారు ఆ మచ్చని. తలకి కొబ్బరినూనె రాసుకుని, జుట్టు సవరించుకుని, అదే చేత్తో దారం సర్దితే చాలు. అంతకన్నా మొండిది సిలికాన్. కారు డ్యాష్‌బోర్డు పాలిష్‌లో, హెయిర్ సీరమ్‌లో, కొన్ని ఫర్నిచర్ స్ప్రేలలో ఉంటుంది. ఆ స్ప్రే కొట్టిన బల్ల మీద రాడ్ పని పెట్టుకోవద్దు.

రెసిన్, హార్డ్‌నర్ కొలవడానికి వాడే మందుల షాపు సిరంజిల్లో కూడా ఇదే తంటా. పిస్టన్ చివర రబ్బరు ఉన్న సిరంజిల్లో అది జారడానికి సిలికాన్ నూనె పూసి ఉంటుంది. రబ్బరు లేని, మొత్తం ప్లాస్టిక్ సిరంజిలు తీసుకోండి. రెసిన్‌కి ఒకటి, హార్డ్‌నర్‌కి ఒకటి, మార్కర్‌తో గుర్తు పెట్టుకుని ఎప్పటికీ మార్చకుండా వాడండి.

సిరంజి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఇక్కడ ఫైబర్ బోట్ల పని తెలిసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. 2004 సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ బోట్లు వచ్చాయి, వాటితో పాటు ప్రతి జాలరి కుప్పంలోనూ రెసిన్ పని తెలిసినవాళ్లు తయారయ్యారు. నేను చెప్పేది ముఖ్యంగా మీకే. బోటుకి వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులో కేటలిస్ట్ నూటికి ఒకటో రెండో వంతు వేస్తారు, ఎండగా ఉంటే తగ్గిస్తారు, మబ్బుగా ఉంటే పెంచుతారు. ఆ అలవాటు చేతికి పట్టేసి ఉంటుంది. ఎపాక్సీ దగ్గర ఆ చేతిని కట్టేసుకోవాలి. ఇందులో హార్డ్‌నర్ పనిని తొందరపెట్టే మందు కాదు, అదే సగం సరుకు. రెసిన్ అణువులు హార్డ్‌నర్ అణువులతో జతకడితేనే గట్టిపడేది. జత దొరకనివి లోపల అలాగే ఉండిపోతాయి, పూత నెలలు గడిచినా జిగటగా ఉంటుంది. ‘త్వరగా ఆరాలి, రెండు చుక్కలు ఎక్కువేద్దాం’ అనుకుంటే చెడుతుంది. ‘కొంచెంసేపు పని చేసుకోవాలి, తగ్గిద్దాం’ అనుకున్నా చెడుతుంది. ఎక్కువ సమయం కావాలంటే గది చల్లబరచండి, నిష్పత్తి మాత్రం ముట్టుకోకండి.

రాడ్ ఎపాక్సీల్లో ఎక్కువభాగం సమానంగా కలపాల్సినవి. సమానం అంటే కొలతలో సమానం, బరువులో కాదు. రెసిన్ బరువైనది, హార్డ్‌నర్ తేలికైనది. తూకం మీద సమానంగా పెడితే హార్డ్‌నర్ ఎక్కువైపోతుంది. రెండేసి గైడ్లే ఉన్నా సరే, ఒక్కోటి 3 మిల్లీలీటర్లకి తక్కువ కలపకండి. మరీ కొంచెం తీసుకుంటే సిరంజిలో ఉన్న ఒక్క గాలిబుడగ లెక్క తప్పిస్తుంది. మిగిలింది పారేయండి, పోయేదేమీ లేదు. మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా, గిన్నె అంచులు గీకుతూ కలపాలి. గిలక్కొడితే బుడగలు.

కలిపాక గిన్నెలో ఉంచకండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది, గిన్నెలో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక ఇంకా తొందరపడుతుంది. అల్యూమినియం రేకు మీద పలచగా పరిస్తే ఎక్కువసేపు పనికొస్తుంది, బుడగలు కూడా వాటంతటవే పగులుతాయి. ఈ రకం రసాయన చర్యలు 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయని ఒక మోటు లెక్క. 24 డిగ్రీల దగ్గర అరగంట పనికొచ్చేది మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా 34 దగ్గర పావుగంటకే తీగలు సాగుతుంది. తీగ సాగడం మొదలైతే ఆ రేకు పక్కన పెట్టేయండి. దాన్ని గైడ్ మీద రుద్దితే దారంలోకి దిగదు, పైనే కూర్చుంటుంది.

ఇప్పుడు మొదటి పూత. దీన్ని నేను అందరికంటే ఎక్కువసేపు చేస్తాను, దీని దగ్గరే మొండికేస్తాను కూడా.

దారం చుట్టిన గైడ్‌ని టేబుల్ లైటు కింద పక్క నుంచి చూడండి. కాలు బ్లాంక్ మీద ఆనుతుంది. దారం కాలి మీద నుంచి దిగి బ్లాంక్‌ని తాకే లోపు రెండు పక్కలా చిన్న ఖాళీ మిగులుతుంది. కాలి పొడవునా నడిచే సొరంగం అది. ఒక చివర ఫ్రేము దగ్గర తెరుచుకుని ఉంటుంది. ఇందాకటి తుప్పు పుట్టింది ఈ సొరంగంలోనే. దీన్ని ఎపాక్సీతో నింపాలి, మొదటి పూతకి వేరే పని లేదు.

రాడ్‌ని ఇంకా తిప్పకండి. గైడ్ పైకి చూసేలా నిలిపి, బ్రష్‌తో ఒక చుక్క తీసుకుని సొరంగం నోటి దగ్గర పెట్టండి. ఒక వైపే పెట్టండి. రెండు వైపులా ఒకేసారి పెడితే లోపలి గాలికి దారి ఉండదు. ఎపాక్సీ దానంతటదే లోపలికి పాకుతుంది. దారం రంగు ముదురుతూ ముందుకి జరుగుతుంది, ఎక్కడిదాకా వెళ్లిందో కంటికి కనిపిస్తుంది. ఇంకో చుక్క. కాసేపటికి రెండో వైపు దారం సందుల్లోంచి సన్న బుడగలు లేస్తాయి. లేస్తే మంచిదే, గాలి బయటికి పోతోందన్నమాట. ఇక రావట్లేదు అన్నప్పుడు రెండో వైపు కూడా చుక్క పెట్టి మూసేయండి. తర్వాత మిగతా దారం మొత్తం మీద పలచగా లాగి, అంచు దాటి బ్లాంక్ మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెళ్లండి. అంచు దగ్గర దారం పోగు చివర బయటే ఉంటే ఆ పోగే ఒత్తిగా నీళ్లు లాగుతుంది.

బుడగలు మిగిలితే స్పిరిట్ దీపం మంట. కింద నుంచి ఒక్కసారి దాటించి తీసేయాలి, ఆపకూడదు. వేడికి ఎపాక్సీ పలచబడి బుడగ పైకి వచ్చి పగులుతుంది. హెయిర్ డ్రయర్ వద్దు, దుమ్ము తెచ్చి పోస్తుంది. పక్కనే ఆల్కహాల్ సీసా మూత తీసి పెట్టుకుని దీపం వెలిగించేవాళ్లని చూశాను. దయచేసి వద్దు.

అయిదు పది నిమిషాలు ఆగి రాడ్‌ని సగం తిప్పండి. అదనంగా ఉన్నదంతా కిందికి దిగి పొట్టగా వేలాడుతుంది. దాన్ని పొడి బ్రష్‌తో ఎత్తేయండి. దారం పోగులు ఒక్కొక్కటీ కనిపిస్తూ ఉండాలి, గరుకుగా ఉండాలి. అప్పుడు మోటారుకి తగిలించండి. నిమిషానికి సుమారు పది చుట్లు చాలు, జారిపోనంత గట్టిపడేదాకా, అంటే కొన్ని గంటలు, ఆగకుండా తిరగాలి. మధ్యలో కరెంటు పోతే పొట్ట పడుతుంది కాబట్టి నా మోటారు ఇన్వర్టర్ మీద ఉంది.

రెండో పూత మర్నాడు. మరీ రోజులు దాటిస్తే మొదటిది పూర్తిగా గట్టిపడిపోయి రెండోదాన్ని రసాయనికంగా పట్టుకోదు, అప్పుడు రుద్ది గరుకు చేయాల్సి వస్తుంది. దీంతో పోగులు కప్పబడతాయి. చాలామందికి ఇక్కడ ఆపాలనిపించదు. మూడోది, నాలుగోది, అద్దం మెరుపు కోసం. జిగ్గింగ్‌కి, అంటే బరువైన ఎరని లోతుకి దించి పైకీ కిందికీ ఆడించే వేటకి వాడే మందపాటి రాడ్లకి, పెద్ద గైడ్ల మీద మూడోది న్యాయమే. మిగతావాటికి అక్కర్లేదు. రాడ్ వంగినప్పుడు గైడ్ కాలు వంగదు. ఆ రెండిటి మధ్య జరిగే కదలిక అంతా ఫ్రేము మొదట్లో ఉన్న పూత మీద పడుతుంది. అక్కడ దిబ్బగా ఉంటే సన్నటి తెల్ల గీత పడుతుంది, కాలు చుట్టూ ఉంగరంగా. ఆ గీతలోంచే నీళ్లు లోపలికి. రాడ్ కొన వైపు అయితే బరువు కూడా లెక్కే, అక్కడ అదనపు పూత వేస్తే రాడ్ కొన మొద్దుబారుతుంది.

పూర్తిగా గట్టిపడటానికి సుమారు వారం. ఆ వారం చేపల మీదికి మనసు పోనివ్వకండి.

ఎండ విషయం. ఎపాక్సీకి ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడవు, పసుపెక్కుతుంది, మెరుపు పోయి సుద్ద దిగుతుంది. కంపెనీలు దానికి మందులు కలుపుతాయి, అవి కాలాన్ని పొడిగిస్తాయంతే. ఒడ్డున పగలంతా నిలబడేవాళ్లు ఎపాక్సీ మీద ఎండని తట్టుకునే పాలీయురెథేన్ ఒక పలచ పొర వేసుకోవచ్చు. అందులో గాలి తేమతో గట్టిపడే రకం ఒకటుంది. ఎపాక్సీని చెడగొట్టే మన తేమ దానికి ఆహారం. కానీ డబ్బా తెరిచారంటే ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టే, కొన్నాళ్లకి సగం డబ్బా జావగా గడ్డకట్టి ఉంటుంది. కావాల్సినంత చిన్న సీసాలోకి తీసుకుని వెంటనే మూయండి. ఇంకొకటి, దాంట్లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చెడ్డవి, ఉబ్బసం తెప్పిస్తాయి. మూసిన ఏసీ గదిలో, పిల్లలు పడుకునే గదిలో అది వాడొద్దు. గాలి ఆడే చోట, సరైన మాస్క్‌తో చేయాలి. గుడ్డ మాస్క్ ఆవిర్లని ఆపదు.

ఎపాక్సీ హార్డ్‌నర్ చర్మానికి అలర్జీ తెప్పిస్తుంది. మొదట్లో ఏమీ అనిపించదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే మాత్రం తర్వాత కొంచెం తగిలినా దద్దురు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. చేతికి అంటితే ఆల్కహాల్‌తోనూ థిన్నర్‌తోనూ కడగొద్దు, అవి దాన్ని చర్మంలోకి ఇంకా లోపలికి తోస్తాయి. సబ్బు, నీళ్లు.

రీల్ సీట్ దగ్గర అందరూ పూత మర్చిపోతారు. కార్బన్ బ్లాంక్ మీద అల్యూమినియం భాగం తగులుతూ, మధ్యలో ఉప్పునీళ్లు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది, కరిగిపోయేది అల్యూమినియమే. తెల్లటి పొడి కనిపిస్తే ఇదే. లోపల ఖాళీ నింపడానికి మాస్కింగ్ టేపు చుట్టలు వాడతారు. అవి నీళ్లు పీల్చి నానిపోతాయి, నా దగ్గరికి వచ్చే వదులు రీల్ సీట్లలో చాలావాటి కథ అదే. ఫైబర్‌గ్లాస్ టేపు వాడండి, చుట్టలకి మధ్య ఖాళీని చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపండి, రెండు చివర్లా అంచు మూసేయండి. వేట నుంచి వచ్చాక మంచినీళ్లు మెల్లగా పోసి కడగండి. కార్లు కడిగే ప్రెషర్ గన్‌తో కొడితే ఉప్పు లోపలికి పోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(యూవీ లైటుతో నిమిషంలో గట్టిపడే రెసిన్ వాడొచ్చా అని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న. వేగం బాగుంటుంది, చెన్నై తేమతో గొడవ తక్కువ. కానీ లైటు తగిలిన చోటే గట్టిపడుతుంది. గైడ్ కాలి కింద సొరంగంలోకి లైటు ఎలా వెళ్తుంది? నల్ల దారం, నల్ల బ్లాంక్ అయితే అసలే వెళ్లదు. పైన గట్టి, లోపల తడి. మీరు కావాలంటే మొదటి పూత మామూలు ఎపాక్సీతో నింపి, అది ఆరాక పైన యూవీది వేసుకోండి. చిన్న గీతలు సర్దడానికి కూడా బాగానే పనికొస్తుంది.

(కారులో పెడితే పూత మెత్తబడింది, అది చెడిపోయినట్టేనా అని ఇంకొకరి ప్రశ్న.)

గది వేడిలో గట్టిపడ్డ ఎపాక్సీలు మామూలుగా 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతాయి. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి తేలిగ్గా వస్తుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది, చెడిపోయినట్టు కాదు. ఆ వేడిలో రాడ్ దేనికైనా ఆని ఉంటే ఆ అచ్చు మాత్రం పడిపోతుంది. రాడ్లు వేలాడదీయండి, లేదా గుడ్డ సంచిలో విడివిడిగా పెట్టండి.

(ఇప్పటికే తుప్పు చార కనిపిస్తున్న రాడ్‌ని ఏం చేయాలి, పైన ఇంకో పూత వేస్తే ఆగుతుందా అని వెనక నుంచి ఒక పెద్దాయన అడిగారు.)

ఆగదు బాబాయ్. ఉప్పు లోపలే ఉంది, మూత బిగించినంత మాత్రాన పోదు. ఆ గైడ్ విప్పాల్సిందే. కొత్త బ్లేడు తీసుకుని గైడ్ కాలి మీద, కాలి పొడవునా కోయండి. కింద లోహం ఉంది కాబట్టి బ్లేడు అక్కడ ఆగిపోతుంది. బ్లాంక్ మీద ఎక్కడా కోయకూడదు. కార్బన్ పోగు ఒక్కటి తెగినా ఏదో ఒక రోజు పెద్ద చేప మీద అక్కడే ఫట్‌మంటుంది. కొంచెం వెచ్చచేస్తే పూత మెత్తబడి దారంతో పాటు ఊడి వస్తుంది. హీట్ గన్ దూరం నుంచి, బ్లాంక్ మీద మీ వేలు ఆనించగలిగేంత వేడే. అంతకు మించితే బ్లాంక్‌ని కట్టి ఉంచిన రెసిన్ కూడా మెత్తబడుతుంది. మిగిలిన పూతని ప్లాస్టిక్ ముక్కతో గీకండి. కాలు సన్నబడితే గైడ్ మార్చేయండి, పైపైన మరక మాత్రమే అయితే రుద్ది వాడుకోవచ్చు. ఆ చోటుని మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, రాత్రంతా ఆరబెట్టి, అప్పుడు ఆల్కహాల్‌తో తుడిచి కొత్త దారం చుట్టండి. ఒక గైడ్‌కి పట్టిందంటే పక్కవాటిని కూడా భూతద్దంతో చూడండి. అవన్నీ ఒకే చేత్తో, ఒకే రోజు వేసిన పూతలయ్యుంటాయి.